బండపల్లెకు గుమ్మటం మోసుకుపోయిన వైనం

నేను పోయివచ్చిన ఊరికి ఎవరూ యాత్రకు పోరు. మంత్రాలయం పోయినవాళ్ళు మృత్తిక తెస్తారు. గండికోట పోయినవాళ్ళు లోయ ఎంత లోతో చెప్పి మనల్ని భయపెడతారు. కడప జిల్లా బండపల్లె నుంచి నేను తెచ్చుకున్నవి పసుపు మరకలు వదలని ఒక చీర, వేళ్ళ మీద తీగ గీసిన గాట్లు. అయినా మా వీధిలో అడిగినవాళ్ళకల్లా చెప్పి చెప్పి, అసలే మాట్లాడే అలవాటు లేని నాకు గొంతు బొంగురుపోయింది. అందుకని రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకు ఈ కాగితాలు ఇచ్చి నేను లోపలికి పోతాను.

నానబెట్టిన శనగలు

కర్నూలుకు రాజధాని వచ్చాక ఇళ్ళు చాలక ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న సంగతి తెలిసిందే. మా చిన్నాయన రామసుబ్బయ్య అలాంటి ఒక డేరాలో కూర్చుని ప్లాన్లకు నకళ్ళు గీస్తాడు. గాలి లేచినప్పుడల్లా పెన్సిలు వదిలి గుంజ పట్టుకోవాలి. "నా ఉద్యోగంలో సగం గీయడం, సగం పట్టుకోవడం" అంటాడు. అందుకేనేమో, గుంజ లేని ఇల్లు ఎక్కడైనా ఉందా అని ఆయన చాలా కాలంగా వెతుకుతున్నాడు.

ఒకరోజు లైబ్రరీలో ఒక అమెరికా పత్రికలో ఆ ఇల్లు కనబడింది. స్తంభం లేదు, దూలం లేదు, గోడ లేదు. సన్నని పుల్లలను త్రికోణాలుగా కలుపుకుంటూ పోతే బోర్లించిన గంపలాగా గుండ్రంగా నిలబడింది. దాని పేరు జియోడెసిక్ డోమ్. ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటికీ సరిగా పట్టలేదు. మా ఊళ్ళో నవాబుల గుమ్మటాలు ఉన్నాయి కాబట్టి మేమూ దీన్ని గుమ్మటమనే అన్నాం.

మేం మొదటి గుమ్మటాన్ని చీపురు పుల్లలతో కట్టాం. కీళ్ళకు నానబెట్టిన శనగలు. పుల్ల గుచ్చితే మెత్తగా దిగుతుంది, ఎండితే ఇక వదలదు. గుగ్గిళ్ళకు పెట్టుకున్న శనగలు మాయమయ్యాయని అమ్మ కోప్పడింది కాని, కోపం తగ్గాక తనే వచ్చి దాని నెత్తిన కుంకుమభరిణ పెట్టి చూసింది. నిలిచింది. చిన్నాయన నీళ్ళచెంబు పెట్టాడు. నిలిచింది. నా పుస్తకాల్లోకెల్లా లావైనది నిఘంటువు. ఎవరూ చూడనప్పుడు అదీ పెట్టాను. నిలిచింది!

సరిగ్గా అప్పుడే బండపల్లె నుంచి మా మేనత్త కబురు వచ్చింది. అత్త పేరు లక్ష్మమ్మ. పెళ్ళయిన కొద్దికాలానికే మామ పోతే, ట్రైనింగు చదివి బండపల్లెలో టీచరైంది. ఒంటరి గది, చిన్న జీతం, కాని గది తాళంచెవి తన బొడ్లోనే ఉంటుంది. వేసవి గాలివానకు బడికొట్టం కప్పు లేచిపోయి, గోడలు కూలిపోయాయట. కొట్టం సొంతదారు ఆ జాగాలో గడ్డివామి వేసుకున్నాడట. బళ్ళు తెరిచిన వారంలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లల నెత్తిన నీడ కనబడకపోతే బడిని ఏటి అవతలి ఊరి బడిలో కలిపేస్తారు. పాపఘ్నిలో నీళ్ళు వస్తే ఆడపిల్లలను ఎవరూ ఏరు దాటించరు. బడి పోతే అత్త మా ఇంటికి రావలసిందే.

అమ్మ అప్పుడే నడిమింట్లో ఒక మూల ఊడ్చి, అత్త ట్రంకుపెట్టె పెట్టుకోవడానికి రెండు ఇటుకలు కూడా పరిచింది. ప్రేమతోనే పరిచింది. కాని అటు నడిచినప్పుడల్లా ఆ ఇటుకలు నాకు కాలికి తగిలేవి, తగలకపోయినా తగిలినట్టే ఉండేది.

"మూడు రోజుల్లో కట్టేస్తా" అన్నాడు చిన్నాయన, సెలవు చీటీ రాస్తూ. శనగల మీద కట్టడంలో నా చేయి తిరిగింది కాబట్టి నన్నూ రమ్మన్నాడు.

ఇల్లుకు టికెట్టు

ఆత్మకూరు వైపు నుంచి దిగే నల్లమల వెదురును చీల్చి గజానికి కాస్త అటూ ఇటూగా పుల్లలు కోశాం. వీటిలో మూడు రకాలు. చిన్నవి చూడగానే తెలుస్తాయి. నడిమివాటికీ పెద్దవాటికీ తేడా వేలి వెడల్పు మాత్రమే. అవి కలిసిపోతే గుమ్మటం వంకరపోయి, చివరి త్రికోణం మూసుకోదు. అందుకని నేను నడిమివాటికి పసుపు చుక్క, పెద్దవాటికి కుంకుమ చుక్క ఆముదంలో కలిపి పెట్టాను. చిన్నవాటిని ఉత్తగా వదిలేశాను. రంగు కొనే పని లేకుండా పూజగదిలోనే దొరికిందని ఎంత మురిసిపోయానో! ఆ మురిపెం సంగతి తర్వాత చెబుతాను.

కీళ్ళకు పాత లారీ టైరును చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర బిళ్ళలుగా కోయించి, చుట్టూ బెజ్జాలు పెట్టించాం. అన్నీ గోనెల్లో కట్టి బస్సు దగ్గరికి మోస్తే కండక్టరు అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈ కట్టెలకు లగేజీ కట్టల్ల."

"కట్టెలు కాదప్పా, ఇల్లు" అన్నాడు చిన్నాయన గర్వంగా.

కండక్టరు గోనెను ఒకసారి, చిన్నాయనను ఒకసారి చూశాడు. "ఇల్లుకు టికెట్టు నా బుక్కులో లేదు. కట్టెలకుండాది. కట్టెలని రాస్తా. నువ్వు దిగినాక ఇల్లని చెప్పుకో."

నంద్యాల దాకా అందరూ మా గోనెల గురించే మాట్లాడారు. నేను కిటికీలోంచి నల్లరేగడి చేలను చూస్తూ, నన్నెవరూ పలకరించకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను. నంద్యాలలో బనగానపల్లె మామిడిపండ్లు గంపల్లో బస్సు చుట్టూ మూగాయి. మా ఊళ్ళో కంటే చవక, వాసన రెండింతలు. ఒడి నిండా కొనుక్కుని ఎక్కేసరికి నా పక్కన ఒక పెద్దామె కూర్చుని ఉంది. దూదేకుల హుసేనమ్మ. బొంతలు కుట్టి ఊరూరా ఇచ్చే మనిషి.

"ఏం పాపా, ఆ పుల్లలు పీర్ల సావిడికా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"గాలిపటాలకా?"

మళ్ళీ ఊపాను.

ఆమె ముందు సీట్లోని చిన్నాయన వీపు తట్టింది. "ఏమబ్బయ్యా, ఈ పాపకు మాటలు రావా?"

"వస్తాయమ్మా, బయటికి రావు అంతే" అన్నాడు చిన్నాయన. బస్సంతా నవ్వింది. నేను మామిడిపండులో ముఖం దాచుకున్నాను.

ఆమె మాత్రం నవ్వలేదు. పైన ఏం కప్పుతారని అడిగింది. ఈత చాపలని చిన్నాయన చెబితే పెదవి విరిచింది. "చాప పక్కన చాప పెడితే గాలి దూరి ఎత్తి పారేస్తాది. అంచు మీద అంచు ఎక్కించి, బొంతకు కుట్టినట్ల కుట్టల్ల. దబ్బనముందా?" లేదు. వెదురు, తీగ, టైరు, లెక్కలు అన్నీ ఉన్నాయి, దబ్బనం గుర్తే రాలేదు. ఆళ్ళగడ్డలో దిగుతూ ఆమె తన సంచిలోంచి దబ్బనం తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆమెకు వందనం చెప్పాలని నోరు తెరిచాను. బస్సు కదిలింది. నేను ఇవ్వగలిగింది ఒక మామిడిపండే. కిటికీలోంచి అందించాను, ఆమె పరుగున వచ్చి అందుకుంది.

ప్రొద్దుటూరు ఎర్రకారం

ప్రొద్దుటూరు బంగారం కొనేవాళ్ళ ఊరు. మేం చాపలు కొన్నాం. ఈత చాపల అంగడి నడిపే ముసలాయన అన్ని చాపలు ఒకేసారి కొనేవాళ్ళను చూసి, "పెండ్లా?" అన్నాడు. బడికని చెబితే రెండు చాపలు ఊరికే వేశాడు. కారణం అడిగితే, "మా యమ్మికి సదువు రాల్యా. అంగట్లో బాకీలు గోడ మీద గీతలు గీస్తాది. మొన్న సున్నం కొట్టినాం. ఇంగేముండాది, అందరి బాకీ తీరిపాయ" అని తనే పడీ పడీ నవ్వాడు.

మా కర్నూలులో పొద్దున పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కారమంటే మాకు తెలియనిది కాదని మా నమ్మకం. ఇక్కడ దోసె మీద ఎర్రకారం సున్నం కొట్టినట్టు కొట్టి, పప్పులపొడి చల్లి మడిచి ఇస్తారు. దోసె ఒక అణా. చిన్నాయన మొదటి ముద్దకు బాగుందన్నాడు, రెండో ముద్దకు మాట్లాడలేదు, మూడో ముద్దకు ముక్కు తుడుచుకుంటూ, ఈ దోసె పెట్టి మా డేరాలోని పెద్ద గుమాస్తాను పరీక్షించాలన్నాడు. వడ్డించే ఆమె, "ఇది సప్పటిది సామీ, మీరు ఊరికి కొత్తని తక్కువ ఏసినా" అంది.

గండికోట అక్కడికి దగ్గరే. చూడకుండా ఎలా వచ్చావని అందరూ అడుగుతున్నారు. చాపలు నెత్తిన పెట్టుకుని కోట ఎక్కలేక, అని జవాబు. పెన్న మాత్రం చూశాను. ఏరంటే నీళ్ళనుకునే నాకు ఏరంతా ఇసుకే కనబడింది. దిగి చూద్దామని రెండడుగులు వేసేసరికి ఒక చెప్పు ఇసుకలో కూరుకుపోయింది, తవ్వినా దొరకలేదు. మిగిలిన దారంతా ఒంటి చెప్పుతో నడిచాను. కమలాపురంలో ఎద్దులబండి ఎక్కేటప్పుడు రెండోదీ తీసి గోనెలో పెట్టేశాను.

బండ మీద ఊరు

బండపల్లెలో ఎటు చూసినా నాపరాయే. గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, చేలకు కంచెలు కూడా పలకలు నిలబెట్టినవే. ఊరి బయట ఏనుగు వీపులాంటి పెద్ద బండ ఉంది. అందులో సగం ఓబుళరెడ్డిది, ఆయన కల్లం చేసుకునే చోటు. మిగతా సగం దారి పక్కకు ఒరిగిన సర్కారు బంజరు.

అత్త మమ్మల్ని చూసి ముందు నా కాళ్ళు చూసింది. "చెప్పులేవే?" అని కోప్పడి, నీళ్ళిచ్చి, తర్వాత పరిస్థితి చెప్పింది. ఓబుళరెడ్డి బండ వాడుకోమన్నాడు, కాని ఒక షరతు మీద. గుంత తీయకూడదు, గుంజ పాతకూడదు. ఆ పక్క ఊళ్ళలో ఒకరి జాగాలో గుంజ పాతితే ఆ జాగా తమదని చెప్పినట్టే. పందిరి గుంజ పాతి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొడితే ఇక అడగనక్కరలేదు, అది వాళ్ళదే. అందుకే పెళ్ళి పందిరి కూడా ఎవరి వాకిట్లో వాళ్ళే వేసుకుంటారు.

"గుంజ లేకుండా కొట్టం ఎట్ల కడతారో కట్టుకో టీచరమ్మా, అని నవ్వినాడు" అంది అత్త.

చిన్నాయన ముఖం దీపంలా వెలిగింది. గుంజ లేని ఇంటి కోసమే కదా ఆయన పుట్టింది!

"మరి సర్కారు సగంలో కట్టుకోవచ్చు కదా?" అన్నాను నేను. ఇంటివాళ్ళ ముందు నాకు మాటలు బాగానే వస్తాయి.

"రెడ్డి బండ అయితే ఒక్కరిని అడిగితే చాలు. సర్కారు సగమంటే అందరిదీ. అందరి దిబ్బలూ అక్కడే ఉన్నాయి. ఎవరి పేడదిబ్బ ముందు జరగాలనే దాని మీదే వాళ్ళకు తగవు" అంది అత్త.

సాయంత్రం రెడ్డి భార్య నాగమ్మ సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి తెచ్చింది. మా వైపు జొన్నరొట్టె ఎలాగో ఇక్కడ సంగటి అలాగ. ముద్ద నమలకూడదట, మింగాలట. నేను నమిలితే అందరూ నన్నే చూశారు. నాగమ్మ మేం నమూనాకని వెంట తెచ్చిన శనగల గుమ్మటాన్ని అరచేతిలో పెట్టుకుని నాలుగువైపులా తిప్పి చూసి అడిగింది.

"దీంట్లో ఈశాన్యం మూల యాడ?"

"మూలే లేదమ్మా" అన్నాడు చిన్నాయన.

ఆమె గుమ్మటాన్ని ఇంకోసారి తిప్పింది. "మూలే లేకపోతే ఇంగ దోషం యాడ కూచ్చుంటాది? శానా మంచిది."

"అంతా బాగానే ఉంది గానీ, అల్లరి చేసినవాళ్ళను నేను ఏ మూలన నిలబెట్టల్ల?" అంది అత్త. ఆ రోజు అత్త నవ్వడం అదే మొదలు.

పసుపు, కుంకుమ

మరుసటి పొద్దున మేం తీగ ముక్కలు కోసుకుని బండ దగ్గరికి పోయేసరికి పుల్లలన్నీ వరసగా ఎండలో పరిచి ఉన్నాయి. నాగమ్మ, ఆమెతో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. ప్రతి పుల్లకూ రెండు కొసలా నిండుగా పసుపు, పసుపు మీద కుంకుమ. ఒక్కదాన్నీ వదల్లేదు. పక్కన పగిలిన టెంకాయ.

చిన్నాయన అక్కడే కూలబడ్డాడు.

"ఏమాయ సామీ?" అంది నాగమ్మ. "కొన్నిటికి పసుపే పెట్టినారు, కొన్నిటికి కుంకుమే, కొన్నిటికి పాపం ఏమీ లేదు. పట్నమోళ్ళకు తీరిక యాడుంటాది, సగంలో ఇడిసిపెట్టినారు, అని మేమే పూర్తి చేసినాం. బడి ఇల్లు కదా, మన పిల్లోల్లు కూచ్చునేది."

దీనికి ఎవరిని కోప్పడతాం? పుల్లలకు పూజాసామగ్రితో గుర్తులు పెట్టింది నేను. పూజ అనుకోవడం వాళ్ళ తప్పా? అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

నేను ఒక నడిమి పుల్లను ఎంచి, కల్లం అంచున ఉన్న నాపరాతి పలకకు దాని కొస ఆనించాను. రెండో కొస ఎక్కడికి వస్తే అక్కడ సుద్దతో గీత గీశాను. గీత దగ్గర ఆగేది నడిమిది, గీత దాటేది పెద్దది. నాగమ్మకు చూపించాను. ఆమె ఒక పుల్ల పెట్టి చూసి, "ఓ, ఇంతేనా!" అని పైట బిగించింది. తర్వాత నేను చేయవలసింది ఏమీ లేకపోయింది. "ఇది నడిపిది. ఇది పెద్దది. ఇది మీయత్త మాదిరి, గీత దాటినా దాటలేదంటాది" అని ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూ ఎండ ముదరక ముందే మూడు కుప్పలు పోసేశారు.

ఆ తర్వాతి ఆలోచన కూడా నా పిరికితనం నుంచే వచ్చింది. ఏ పుల్ల ఎక్కడో పదిమంది ముందు అరిచి చెప్పలేను. అందుకని బండ మీద ముగ్గుపిండితో గుమ్మటాన్నే ముగ్గుగా వేశాను. ఐదు చిన్నవి నక్షత్రంలా, వాటి చుట్టూ నడిమివి ప్రాకారంలా, మిగిలినచోట పెద్దవి. ముగ్గు చూసి చదవడం ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు కదా. చిన్నాయన బిళ్ళకూ పుల్లకూ తీగ ముడులు వేస్తూ, నడినెత్తి నుంచి మొదలుపెట్టాడు. ఒక వరస కట్టగానే అందరూ చుట్టూ పట్టుకుని ఎత్తాలి, కింద ఇంకో వరస కట్టాలి. అలా ఎత్తుకుంటూ కట్టుకుంటూ పోతే, రెండో రోజు పొద్దుగూకే వేళకు అది మా తలలు దాటింది. చివరి త్రికోణం చేతికి పట్టిన గాజులా సరిగ్గా మూసుకుంది. చాపలు హుసేనమ్మ చెప్పినట్టే అంచు మీద అంచు ఎక్కించి, ఆమె దబ్బనంతోనే కుట్టాం. దక్షిణం వైపు ఒక్క త్రికోణం ద్వారానికి వదిలాం. గాలికి లేవకుండా అడుగు పుల్లల మీద చుట్టూ నాపలకలు పేర్చాం.

అత్త లోపలికి పోయి నిలబడి, "అ ఆ" అంది. గొంతు గుండ్రంగా తిరిగి వచ్చింది. మళ్ళీ అంది. బయటికి వచ్చాక ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

రెడ్డి వచ్చాడు

ఇన్‌స్పెక్టరు వచ్చే పొద్దున ఇన్‌స్పెక్టరు కంటే ముందు ఓబుళరెడ్డి వచ్చాడు. ప్రొద్దుటూరులో పత్తి అమ్ముకుని బండి దిగుతూనే బండ మీద గుమ్మటం చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగు పుల్లలు చూశాడు.

"గుంత తీయలేదు, సరే. పసుపు పూసినారే! కుంకుమ పెట్టినారే! టెంకాయ చిప్ప గూడ ఉండాదే! ఇంగ పాతితే ఏమి, పాతకపోతే ఏమి?"

"నువ్వు వద్దన్నది గుంజే కదన్నా" అంది అత్త మెల్లగా.

"టీచరమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ఇయ్యాల ఆ సారు వస్తాడు, ఓబుళరెడ్డి బండ మీద బడి ఉండాదని రాసుకుంటాడు. రేపు నా మనవడు కల్లం యాడ చేసుకోవల్ల? బడిలోనా? ఎవురు పూసినారమ్మా ఈ పసుపు?"

నాగమ్మ గుమ్మటంలోంచి తల బయటికి పెట్టింది. "నేనే పూసినా."

రెడ్డి చేతికర్రను బండ మీద కొట్టాడు. "ఓసినీ... దొంగ నా ఇంట్లోనే ఉండాదే!"

"ఉంటే ఉండాదిలే. నీ మనవరాలు గూడ ఈ బడే కదా. ఏరు దాటి పంపిస్తావా?"

"పంపీను. బడి కావల్ల, బండ పోగూడదు. అంతే నేను చెప్పేది."

ఆయన చెప్పినదాంట్లో అన్యాయం కూడా లేదు, అదే చిక్కు. అత్త లోపలికి పోయి, పుల్లలకు తగిలించిన పిల్లల రాతపలకలు ఒక్కొక్కటే తీయసాగింది. నా పక్కగా వస్తూ, ఎవరికీ వినబడకుండా అంది: "పోనీలే రుక్కూ. ఎల్లుండి మీ బస్సుకే నేనూ వస్తా. మీ అమ్మ చోటు చేసే ఉంటుంది."

నాకు ఆ రెండు ఇటుకలు కనబడ్డాయి.

"ఎత్తండి!" అన్నాను.

ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. అందరూ నా వైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి. అయినా నోరు మూసుకోలేదు. "కట్టేటప్పుడు ఎత్తాం కదా. ఇప్పుడూ ఎత్తండి. అడుగున పేర్చిన నాపలకలు తీసేసి, అందరూ లోపలికి పోయి అడుగు పుల్ల పట్టుకోండి. రెడ్డిగారి బండ దాటించి, అవతలి సగంలో పెడదాం."

నాగమ్మ చెంగు బిగించి, "ఏం మే, చూస్తాండారు? లోపలికి రాండి!" అని కేక వేసింది. ఆడవాళ్ళు, పెద్ద ఆడపిల్లలు, అత్త, చిన్నాయన అంతా దూరారు. వెదురు, చాపలు, తీగ కలిపి ఆ బరువెంత? ఇరవైమంది పట్టేసరికి పెళ్ళిపల్లకీ కంటే తేలిగ్గా లేచింది. కాని లోపలివాళ్ళకు కాళ్ళ ముందు రెండడుగులు తప్ప ఏమీ కనబడదు. చాపల కింద కాళ్ళు మాత్రం కదులుతున్నాయి. బయట ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

"ఎడమకు! ఎడమకు! ఆగండి, దిబ్బ!"

"ఎవురి దిబ్బ?" అని లోపలినుంచి అడిగారు.

"ఎవరిదైనా దిబ్బే కదా!" అని అరిచాను. లోపల నవ్వులు. గుమ్మటమంతా ఊగింది. దారిలోకి వచ్చిన ఎనుమును ఓబుళరెడ్డి కర్రతో అదిలించాడు. తర్వాత ఆ కర్ర చంకన పెట్టుకుని, వెనకవైపు వంగి తానూ పట్టాడు. "నా బండ దాటేదాకే" అన్నాడు నాతో, ఎవరైనా అపార్థం చేసుకుంటారేమోనన్నట్టు. దాటాక కూడా వదల్లేదు. ఇన్నేళ్ళూ జరగని దిబ్బలను వాటి సొంతదారులు ఎదురుగా వస్తున్న బడిని చూసి పారలతో గబగబా పక్కకు లాగారు.

అప్పుడే కమలాపురం దారిలో సైకిలు దిగి నిలబడి ఉన్నాడు ఒకాయన. టోపీ, కళ్ళద్దాలు, హ్యాండిలుకు సంచి. ఎదురుగా చాపల గుట్ట ఒకటి కాళ్ళతో నడిచి వస్తుంటే ఆయన సైకిలును గట్టిగా పట్టుకున్నాడు. నన్ను చూసి, చాలా మర్యాదగా, "అమ్మాయీ, ఈ ఊరి బడి ఎక్కడ?" అన్నాడు.

నాకు ఉన్న మాటలన్నీ ఆ పూటకు అయిపోయాయి. వేలు పెట్టి చూపించాను. చాపల లోపలినుంచి నాగమ్మ జవాబు చెప్పింది.

"వస్తాండాది సార్! రోంత పక్కకు జరగండి!"

ఆయన జరిగాడు. బడి ఆయన ముందునుంచి పోయి, సర్కారు బండ మీద మెల్లగా కూర్చుంది. లోపలినుంచి ముందుగా అత్త వచ్చింది, నుదుట చెమట, చేతిలో హాజరు పట్టీ.

మిగతాది

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం దాకా లోపలే కూర్చున్నాడు. లెక్కలు అడిగాడు, పద్యాలు చెప్పించుకున్నాడు, బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా ఎలా ఉందని చిన్నాయనను అడిగి, జవాబు సగం విని ఒక కునుకు తీశాడు. పోయేటప్పుడు గుమ్మటం చుట్టూ తిరిగి ఒక చేత్తో నెట్టి చూశాడు. అప్పటికి చుట్టూ మళ్ళీ నాపలకలు పేర్చాం కాబట్టి కదల్లేదు. "బడి ఉంది" అన్నాడు అత్తతో. "వానాకాలం పోనిచ్చి మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది ఏ ఊళ్ళో ఉంటుందో మాత్రం కబురు చేయండి." ఓబుళరెడ్డి అందరికంటే గట్టిగా నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో ఆళ్ళగడ్డ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, హుసేనమ్మ కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. దబ్బనం నా దగ్గరే ఉంది. ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఆమెను చూస్తే, చాపలు గాలికి లేవలేదని చెప్పండి.

ఇల్లు చేరగానే అమ్మ మా వెనక చూసింది. "మీ అత్త ఏదీ?"

"బడిలో" అన్నాను.

ఆ మూలలో రెండు ఇటుకలు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఒక చెక్కపలక వేసి, ఇప్పుడు నా పుస్తకాలు పెట్టుకున్నాను. అన్నిటికంటే పైన శనగల గుమ్మటం ఉంది.